మహాగని: ఒక చెట్టు పేరులో వినిపించే ఇంగ్లీషు యాసలు

సభకు నమస్కారం.

కలప వర్తకంలోనూ, ఫర్నిచర్, గిటార్ల తయారీలోనూ తరచూ వినబడే మహాగని అనే పేరును తీసుకుని, ఇంగ్లీషు యాసలు ఒకదాని నుంచి మరొకటి ఎక్కడ విడిపోతాయో ఈ పూట పరిశీలించాలని నా కోరిక. కరీబియన్ దీవులు, మధ్య అమెరికా ఈ వృక్షానికి పుట్టిళ్లు. ఇంగ్లీషు ముద్రణలో ఈ మాట 1671లోనే, జాన్ ఓగిల్బీ అమెరికా ఖండాన్ని వర్ణిస్తూ ప్రచురించిన గ్రంథంలో కనబడుతుంది. అయితే అక్కడ మొదటి అచ్చును నేటిలా ‘ఏ’తో కాక ‘ఓ’తో రాశారు. ఆ అచ్చు నోట్లో అంత బలహీనంగా పలికేది కనుకనే దానికి ఏ అక్షరం వాడాలో రాసేవారికి వెంటనే స్థిరపడలేదని నేను భావిస్తున్నాను.

పలుకుబడిలో ఇది నాలుగు అక్షరాల మాట. ఊనిక, అంటే ఒత్తి పలకడం, రెండో అక్షరం మీద పడుతుంది. మొదటి, మూడో అక్షరాల్లోని అచ్చులు మన ‘అ’కు దగ్గరగా, కానీ అంతకంటే నీరసంగా, దాదాపు మింగేసినట్టు వినిపిస్తాయి, వేగంగా మాట్లాడేటప్పుడు మూడోది దాదాపు మాయమవుతుంది కూడా. లండన్ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా, అక్కడి నుంచి సిడ్నీ దాకా ఈ ఊనిక స్థానం మారదు. ముఖ్యంగా మారేది ఊనిక పడిన ఆ అచ్చు గుణమే.

భాషాశాస్త్రవేత్త జాన్ వెల్స్ 1982లో ఇంగ్లీషు అచ్చులను పోల్చడానికి కొన్ని నమూనా పదాలను ఎంచి, ఒక్కో పదం పేరుతో ఒక్కో వర్గాన్ని ఏర్పరచారు. మహాగనిలోని రెండో అచ్చు ‘లాట్’ వర్గానికి చెందుతుంది. ఒక వ్యక్తి లాట్, స్టాప్, రాక్ అనే మాటలను ఎలా పలుకుతాడో తెలిస్తే, అతని మహాగని ఎలా ఉంటుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. ఇంత చిన్న ఆధారంతో ఇంత తెలుసుకోగలగడం నాకు ఇప్పటికీ సంతోషం కలిగిస్తుంది.

దక్షిణ ఇంగ్లండు ప్రామాణిక ఉచ్చారణలో ఈ అచ్చు హ్రస్వం. నాలుక కిందికి, వెనక్కి దిగుతుంది, పెదవులు కొద్దిగా గుండ్రబడతాయి. మన ‘ఆ’కూ ‘ఒ’కూ నడుమ ఉండే ఈ ధ్వనికి తెలుగులో అక్షరం లేదు. అందుకే ఆ అచ్చు ఉన్న మాటలు మన దగ్గరికి డాక్టరు, కాలేజీ, ఆఫీసు అంటూ ‘ఆ’తో వచ్చాయి. అమెరికాలో ఎక్కువ ప్రాంతాల్లో ఆ గుండ్రదనం పోయి, ‘ఫాదర్’లోని అచ్చుతో ఇది కలిసిపోయింది కనుక, మనం రాసే ‘హా’ బ్రిటిష్ ఉచ్చారణ కంటే అమెరికన్ ఉచ్చారణకే దగ్గర. అమెరికా అంతా ఒకటే అనుకోవడానికీ లేదు. బోస్టన్ పరిసరాల పాత పలుకుబడిలో గుండ్రదనం నిలిచి ఉంది. షికాగో, డెట్రాయిట్, బఫెలో నగరాల్లో, భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ బృందం వివరంగా నమోదు చేసినట్టు, ఇదే అచ్చు నోటి ముందు భాగానికి జరిగింది. అక్కడివారు మేజోళ్లనే అర్థంలో ‘సాక్స్’ అంటే ఇతరులకు సంచులనే అర్థమిచ్చే ‘స్యాక్స్’ అనిపించవచ్చు. ఆ ధోరణి యువతరంలో వెనక్కి తగ్గుతోంది.

స్కాట్లండులో రెండో అక్షరం మన ‘హొ’కు దగ్గరగా వినిపిస్తుంది. ఆస్ట్రేలియాలోనూ పెదవులు గుండ్రంగానే ఉంటాయి. గుండ్రదనం లేకపోవడం కేవలం అమెరికన్ లక్షణమనే అభిప్రాయం సరికాదు: ఇంగ్లండులోనే ఉన్న నారిచ్ నగరపు సంప్రదాయ పలుకుబడిలో పెదవులు గుండ్రబడవని పీటర్ ట్రడ్‌గిల్ చేసిన పరిశోధన చూపింది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది జమైకా. 1721లో బ్రిటిష్ పార్లమెంటు అమెరికా వలసల కలపపై దిగుమతి సుంకం ఎత్తివేశాక, ఈ మాను అక్కడి నుంచి పెద్ద ఎత్తున లండనుకు చేరింది. ఇంగ్లీషు మాటల మీద ఏర్పడిన అక్కడి వాడుక భాష జమైకా క్రియోల్‌లో కుండనే అర్థమున్న ‘పాట్’, తట్టడమనే అర్థమున్న ‘ప్యాట్’ ఒకే అచ్చుతో, మన ‘అ’ను పోలిన ధ్వనితో పలుకుతాయి. అంటే ఆ చెట్టు పెరిగిన నేల మీది పలుకుబడికీ, దాని కలపతో బల్లలు చేయించుకున్న లండన్ ఇళ్ల పలుకుబడికీ మధ్య ఈ ఒక్క అచ్చు దగ్గరే స్పష్టమైన ఎడం ఉంది. వీటిలో రెండోదే శుద్ధమైనదని చెప్పడానికి నాకు ఏ ఆధారమూ కనబడదు.

చివరి అచ్చు సంగతి కొంత చెప్పాలి. పాత తరం బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో అది సడలిన పొట్టి ‘ఇ’. ఇప్పుడు చాలామంది నోట అది బిగువైన ‘ఈ’ వైపు జరిగింది. లీడ్స్, మాంచెస్టర్ ప్రాంతాల్లో సడలిన రూపం ఇంకా వినవచ్చు, లివర్‌పూల్, న్యూకాసిల్‌లలో బిగువైనదే వినిపిస్తుంది. హకారాన్ని వదిలే లండన్ కాక్నీ యాసలో రెండో అక్షరం నేరుగా అచ్చుతోనే మొదలవుతుంది.

ఈ మాటను నేర్చుకునేవారు ముందు ఊనికను రెండో అక్షరం మీద నిలిపి, ఇరుపక్కల అచ్చులను తేలిక చేయాలని నా సలహా. నాలుగు అక్షరాలకూ సమాన బరువిచ్చి పలికితే, రెండో అచ్చు ఎంత చక్కగా కుదిరినా వినేవారికి మాట వెంటనే అందకపోవచ్చు. ఇక ఆ అచ్చును మీరు లాట్, స్టాప్‌లను ఎలా పలుకుతారో అలాగే పలకండి. ఈ ఒక్క పేరు కోసం వేరే యాసను అరువు తెచ్చుకోనక్కరలేదు.