నూటికి మూడున్నర

కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో, సంక్రాంతి ముగ్గుల పోటీ బహుమతుల సభలో విశ్రాంత లెక్కల మాస్టారు చేసిన ప్రసంగం

పెద్దలకు, తెల్లవారుజామున మంచులో ముగ్గులు వేసి నడుములు పట్టేసిన తల్లులకు నమస్కారం. సంక్రాంతి సంస్కృతి గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు పిలిచారు. గొబ్బెమ్మల గురించి నేను మీకు చెప్పడమేమిటి? నాకు జరిగిన శాస్తి ఒకటి చెబుతాను, వినండి.

కిందటి ఏడాది మా కొత్త అల్లుడికి మొదటి పండుగ. రాజమండ్రి వెళ్ళాం. బట్టలు, అల్లుడికి ఫోను, అమ్మాయికి వాషింగ్ మెషీను, అన్నీ క్రెడిట్ కార్డు మీదే. "డబ్బు ఇప్పుడు అక్కరలేదు మాస్టారూ" అన్నాడు షాపు కుర్రాడు. ఆ మాట చెవికి ఎంత ఇంపుగా ఉందో! బిల్లు 60,000 వచ్చింది. అడుగున చిన్న గడిలో 'కట్టవలసిన కనీస మొత్తం 3,000' అని ఉంది. సార్వా ధాన్యం డబ్బులు ఇంకా పడలేదు, దాళ్వాకు ఎరువులు కొనాలి. ఆ మూడు వేలు కట్టి నిశ్చింతగా పడుకున్నాను.

మా నాన్నగారు ఒకసారి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. మా నాయనమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. నా కార్డు వడ్డీ ఎంతో తెలుసా? నెలకు నూటికి మూడున్నర! ఏడాదికి 42! నాయనమ్మ ఉండి ఉంటే ఎన్ని పూటలు పస్తు ఉండేదో.

మిగిలిన 57,000 మీద నెల వడ్డీ 1,995. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 359. వెరసి 2,354. అంటే మరుసటి నెల మళ్ళీ మూడు వేలు కడితే అసలులో తగ్గేది 646 రూపాయలు. ఆరు వందల నలభై ఆరు! మొదటి బిల్లుకు కొన్న రోజు నుంచి వేసిన వడ్డీ దీనికి అదనం. పైగా పాత బాకీ ఉన్నంత కాలం కొత్తగా కొన్నవాటికి గడువు ఉండదు. ఉగాదికి కొన్న పంచెకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడింది.

వెనక వరుసలో నా దగ్గర చదువుకున్నవాళ్ళు నవ్వుతున్నారు. చక్రవడ్డీ లెక్క తప్పితే మిమ్మల్ని బల్ల ఎక్కించాను కదా, ఇప్పుడు నన్ను ఎక్కించండి.

కార్యదర్శి గారూ, ఇంకో రెండు నిమిషాలు. అమ్మా, కార్డు చెడ్డది కాదు, దాని తేదీ తెలియకపోవడం చెడ్డది. మా కార్డు బిల్లు ప్రతి నెలా 12న వస్తుంది. 11న కొంటే కట్టడానికి మూడు వారాలే ఉంటుంది. 13న కొంటే దాదాపు యాభై రోజులు. కాని బిల్లు మొత్తం కడితేనే ఆ గడువు. వడ్డీ లేని వాయిదాలు అంటే ముందు నగదు ధర ఎంతో అడగండి. చాలాసార్లు నగదుకు ఇచ్చే తగ్గింపు అందులో మాయమవుతుంది.

ఆ కార్డుతోనే ఏటీఎంలో డబ్బు తీసి బరి దగ్గరికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఎస్సై గారు ఇక్కడే ఉన్నారు కనుక కోళ్ళ సంగతి నేను ఎత్తను. తీసిన రోజు నుంచే వడ్డీ, పైన రుసుము అని మాత్రం చెబుతాను. పందెం గెలిచినా ఆ రెండూ తప్పవు.

ఇప్పుడు మా కార్డు బియ్యం డబ్బా అడుగున ఉంది. కావాలంటే మా ఆవిడను అడగాలి, ఆవిడ కొలపాత్ర చేతికిచ్చి "ముందు డబ్బా ఖాళీ చేయండి" అంటుంది. అదుగో, ముందు వరుసలో తల దించుకుంది.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. సరే, మొదటి బహుమతి ఈ కుక్కరు. దేనితో కొన్నారో నేను అడగను లెండి.