విండోస్ 10లోనే ఉండాలా, 11కి మారాలా? బటన్ నొక్కే ముందు చూడాల్సినవి

[తెర మీద: బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో ఒక షాపు కౌంటర్. మూత తెరిచిన పాత ల్యాప్‌టాప్, పక్కన ఎస్‌ఎస్‌డీ పెట్టె.]

వాయిస్: నమస్కారం. విండోస్ 10కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. సిస్టమ్ మాత్రం ఆగలేదు. ఇవాళ ఆన్ చేసినా మామూలుగానే పనిచేస్తుంది. అందుకే చాలామంది "బాగానే నడుస్తోంది కదా" అని వదిలేశారు. కానీ చివర్లో చెప్పే పొడిగింపు పథకంలో చేరకపోతే, ఆ తేదీ తర్వాత బయటపడిన లోపాలకు మీ సిస్టమ్‌లో మరమ్మతు జరగదు. అదే సిస్టమ్‌లో బ్యాంకు పని, జీఎస్టీ రిటర్నులు, క్లయింట్ల పాన్ కార్డులు ఉంటే దాన్ని అలాగే నెట్‌కు తగిలించి ఉంచడం మంచిది కాదు.

అలాగని ఇవాళే 11 ఎక్కించమని చెప్పడం లేదు. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ పనిలో ఏ ఒక్క వస్తువు ఆగితే మొత్తం పని ఆగిపోతుంది? సంతకం పెట్టే యూఎస్‌బీ టోకెనా, పాత ప్రింటరా, తెలుగు ఫాంటా? దాన్నిబట్టే నిర్ణయం తీసుకోవాలి.

[తెర మీద: విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "ఎంఎస్‌ఇన్ఫో32" తెరవడం. ప్రాసెసర్, బయోస్ మోడ్, సెక్యూర్ బూట్ అనే మూడు వరుసలు పెద్దవిగా.]

వాయిస్: మొదట సిస్టమ్ సంగతి. 11కి కావాల్సినవి 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, యూఈఎఫ్‌ఐ (విండోస్ కంటే ముందు నడిచే బయోస్ ప్రోగ్రామ్‌కు కొత్త రూపం), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే లేవనిచ్చే సెట్టింగ్), టీపీఎం 2.0 (తాళాలు దాచే సెక్యూరిటీ చిప్). కాగితం మీద 4 జీబీ సరిపోతుంది. పని చేసుకోవాలంటే మాత్రం 8 జీబీ ఉండాలి. ఇంకో మాట. పాత తిరిగే హార్డ్‌డిస్క్ మీద 11 పెట్టకండి. ఆన్ అవడానికే నిమిషాలు పడుతుంది, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ నూరు శాతం దగ్గరే కూర్చుంటుంది. ముందు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్ వేయించి, ఆ తర్వాతే అప్‌గ్రేడ్ గురించి ఆలోచించండి.

ఎక్కువమంది సిస్టమ్‌లు ఆగిపోయేది ప్రాసెసర్ దగ్గర. ఇంటెల్ అయితే, ఒకటీ అరా మినహాయింపు తప్ప, ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. ఐ5-7300యూ అని ఉంటే గీత తర్వాత వచ్చే 7 ఏడో తరాన్ని చెబుతుంది. అంటే కుదరదు. ఐ5-8250యూ ఎనిమిదో తరం, కుదురుతుంది. ఎస్‌పీ రోడ్‌లో సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ కొంటున్నవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. టీ470లో ఆరో తరమో ఏడో తరమో ఉంటుంది, టీ480లో ఎక్కువగా ఎనిమిదో తరం ఉంటుంది. పైకి రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మోడల్ పేరు విని డబ్బు ఇవ్వకండి. కౌంటర్ మీదే ఆన్ చేయించి ప్రాసెసర్ నంబర్ కళ్లతో చూడండి. ఏఎండీ రైజెన్‌లో నంబర్ చూసి తేల్చడం కష్టం. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ యాప్ పెట్టి, అది చెప్పిందే నమ్మండి.

[తెర మీద: "టీపీఎం డాట్ ఎంఎస్‌సీ" విండో. "కంపాటిబుల్ టీపీఎం కెనాట్ బి ఫౌండ్" అనే సందేశం.]

వాయిస్: ఈ సందేశం కనబడగానే సిస్టమ్ పనికిరాదని అనుకోకండి. ఎనిమిదో తరం సిస్టమ్‌లో ఇది కనిపిస్తే చాలాసార్లు టీపీఎం ఉంటుంది, బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది, అంతే. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. ఇంటెల్ బోర్డుల్లో దీని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. ఎనేబుల్ చేసి సేవ్ చేస్తే చాలు.

ఆగండి, అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ డ్రైవ్ బిట్‌లాకర్‌తో, అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళంతో, ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, బయోస్‌లో టీపీఎం సెట్టింగ్ మార్చగానే తర్వాతి బూట్‌లో నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో, వాడేవాళ్లకు తెలియకుండానే, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినప్పుడే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయిపోయి ఉంటుంది. కీ లేకపోతే డేటా రాదు. ఏ షాపువాడూ తీసివ్వలేడు. కాబట్టి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో డివైసెస్ పేజీలోకి వెళ్లి ఆ కీ చూడండి, కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి బయోస్‌లోకి వెళ్లండి.

[తెర మీద: ఎంఎస్‌ఇన్ఫోలో "బయోస్ మోడ్: లెగసీ" అనే వరుస.]

వాయిస్: ఇక్కడ లెగసీ అని ఉంటే ఇంకో మెట్టు ఎక్కాలి. డిస్క్‌ను భాగాలుగా విడగొట్టే పాత పద్ధతి ఎంబీఆర్‌లో ఉంది, దాన్ని కొత్త పద్ధతి జీపీటీకి మార్చాలి. విండోస్ 10లోనే ఎంబీఆర్‌టూజీపీటీ అనే సాధనం ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు వాలిడేట్, అది సక్సెస్ అంటేనే కన్వర్ట్. స్పెల్లింగ్ తెర మీద ఉంది, చూసి టైప్ చేయండి. డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించి ఉంటే వాలిడేట్ దగ్గరే ఫెయిల్ అవుతుంది. సీ, డీ, ఈ అని డ్రైవ్‌లు కొట్టించుకున్న పాత డెస్క్‌టాప్‌లలో ఇది మామూలే.

వరుస తప్పకూడదు. ముందు కన్వర్ట్, ఆ తర్వాతే బయోస్‌లో లెగసీ నుంచి యూఈఎఫ్‌ఐకి మార్చడం. తిరగేసి చేస్తే "నో బూటబుల్ డివైస్" అని వస్తుంది. అలా వచ్చినా కంగారు పడొద్దు. బయోస్‌లో మళ్లీ లెగసీకి మార్చండి, విండోస్ మామూలుగా లేస్తుంది.

[తెర మీద: చిక్కపేట దగ్గర ఒక డీటీపీ సెంటర్. తెర మీద తెలుగు పెళ్లి పత్రిక. పక్కనే అదే ఫైలు ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా.]

వాయిస్: సిస్టమ్ పాసయింది సరే. మీ పని పాసవుతుందా? ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

తెలుగు డీటీపీ చేసేవాళ్ల సంగతి తీసుకుందాం. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాని మీద అను ఫాంట్లతో పత్రికలు, కార్డులు కట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవి యూనికోడ్ ఫాంట్లు కావు, అంటే ప్రతి తెలుగు అక్షరానికి అన్ని సిస్టమ్‌లలో ఒకే కోడ్ ఉండే పద్ధతి కాదు. ఫైల్లో నిజంగా ఉండేవి ఇంగ్లీషు కోడ్‌లు. ఫాంట్ వాటి మీద తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఫాంట్ లేకపోతే ఈ గజిబిజి మిగులుతుంది. ఫార్మాట్ కొట్టించి 11 పెట్టిస్తే ఫాంట్లూ కీబోర్డ్ సాఫ్ట్‌వేరూ పోతాయి. ఇన్‌స్టాలర్ సీడీ, డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవడానికి తగిలించే తాళం లాంటి పరికరం), లైసెన్స్ చేతిలో ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. డాంగిల్ డ్రైవర్‌కు, అంటే దాన్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్‌కు, 64 బిట్ వెర్షన్ ఉందా అనేది అసలు ప్రశ్న, ఎందుకంటే విండోస్ 11కి 32 బిట్ ఎడిషనే లేదు. ఇప్పుడు మీది 32 బిట్ విండోస్ 10 అయితే నేరుగా అప్‌గ్రేడ్ అవదు, ఫార్మాట్ తప్పదు. ఇలాంటి షాపులకు మా సలహా, ఆ ఒక్క సిస్టమ్‌ను విండోస్ 10లోనే ఉంచి నెట్ కేబుల్ తీసేయండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో రానివ్వండి, ఆ పెన్‌డ్రైవ్‌ను ముందు వేరే సిస్టమ్‌లో స్కాన్ చేయండి.

యూనికోడ్‌లో రాసేవాళ్లకు ఇబ్బంది తక్కువ. గౌతమి ఫాంట్ మాత్రం కొత్తగా వేసిన విండోస్‌లో ఉండకపోవచ్చు. పాత వర్డ్ ఫైళ్లలో పేజీలు జరిగిపోతే కారణం అదే. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ యాడ్ చేయండి.

[తెర మీద: యూఎస్‌బీ టోకెన్, దాని పక్కన క్యాలెండర్. 11, 20 తేదీల చుట్టూ ఎర్ర గీత.]

వాయిస్: ఇక ఆడిటర్ ఆఫీసులు, అకౌంటెంట్లు. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు జీఎస్టీ రిటర్న్‌పై డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తోనే సంతకం పెట్టాలి. ప్రొప్రయిటర్లు ఓటీపీతో గట్టెక్కుతారు, వీళ్లకు ఆ దారి లేదు. టోకెన్ డ్రైవర్ పాతదైతే 11లో టోకెన్ కనబడదు. ఇది ముందే తెలుసుకునే మార్గం ఉంది. విండోస్ 10లోనే విండోస్ సెక్యూరిటీ తెరిచి, డివైస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చేసి చూడండి. ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో సహా చూపిస్తుంది. కొత్తగా వేసిన 11లో ఇది సాధారణంగా ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి రేపు వచ్చే గొడవ ఇవాళే కనబడుతుంది. టోకెన్ కొన్నచోట కొత్త డ్రైవర్ అడిగి పెట్టుకోండి.

ఇప్పుడు ఈ క్యాలెండర్ చూడండి. అప్‌గ్రేడ్ చేశాక నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి విండోస్ ఇచ్చే గడువు 10 రోజులు. నెలవారీ ఫైల్ చేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ, పన్ను కట్టే 3బీ గడువు 20వ తేదీ. 3బీ అయిపోయిందని 21న అప్‌గ్రేడ్ చేశారనుకోండి. నెల తిరక్కుండానో, తిరిగిన ఒకటి రెండు రోజుల్లోనో వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. టోకెన్ అసలు పరీక్ష ఆ తర్వాత, 11వ తేదీన వస్తుంది. అప్పుడు తేడా కొడితే చేయగలిగేదేమీ ఉండదు.

అందుకే అప్‌గ్రేడ్ అయిన మొదటి రోజే ఆ గడువు పొడిగించండి. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ కమాండ్, సెట్ ఓఎస్ అన్‌ఇన్‌స్టాల్ విండో, వాల్యూ దగ్గర 60. గరిష్ఠం 60 రోజులే. పది రోజులు దాటాక ఈ కమాండ్‌తో లాభం లేదు. పాత విండోస్ మొత్తం సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది, చోటు బాగానే తింటుంది. డిస్క్ నిండిందని క్లీనప్‌లో "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్" టిక్ పెట్టి తుడిచేస్తే వెనక్కి దారి అక్కడితో సరి.

పాత ప్రింటర్లకు 64 బిట్ డ్రైవర్ ముందే దింపుకుని పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. పాత సీసీటీవీ డీవీఆర్‌ను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూసే అలవాటుంటే, 11లో అది లేదు. ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఆన్ చేసుకోవాలి.

[తెర మీద: టాలీ డేటా ఫోల్డర్ ఉన్న చోటు.]

వాయిస్: బ్యాకప్ అనగానే అందరూ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేస్తారు. టాలీ ప్రైమ్ డేటా మామూలుగా ఆ రెండింటిలో ఉండదు. సీ డ్రైవ్, యూజర్స్, పబ్లిక్, టాలీప్రైమ్, డేటా. అక్కడుంటుంది. ఫార్మాట్ చేసేవాళ్లు మర్చిపోయేది సరిగ్గా ఇదే. అవుట్‌లుక్ వాడితే మెయిళ్లుండే పీఎస్‌టీ ఫైలు కూడా చూసుకోండి. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీయే, దాన్ని నమ్ముకోకుండా బయటి డిస్క్‌లోకి తీయండి.

అప్‌గ్రేడ్ ఫైలు 5 జీబీకి పైనే ఉంటుంది. మారతహళ్లి పీజీలో ఉంటూ రోజుకు 2 జీబీ ప్యాక్ మీద హాట్‌స్పాట్ పెడితే మధ్యలో ఆగిపోతుంది. వైఫై ఉన్నచోట చేయండి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టకండి. అసలు లైసెన్స్ ఉన్న విండోస్ 10కి ఈ అప్‌గ్రేడ్ ఉచితం, దీనికి ఎవరైనా లైసెన్స్ డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు. మధ్యలో 0ఎక్స్‌సీ1900101 అనే ఎర్రర్ వస్తే అది దాదాపుగా డ్రైవర్ గొడవే. ప్రింటర్, డాంగిల్, వెబ్‌క్యామ్ అన్నీ పీకేసి, వేరే యాంటీవైరస్ ఉంటే తీసేసి మళ్లీ మొదలుపెట్టండి.

[తెర మీద: ఏడో తరం ల్యాప్‌టాప్. పీసీ హెల్త్ చెక్‌లో ఎర్ర గుర్తు.]

వాయిస్: సిస్టమ్ ఒప్పుకోకపోతే? రిజిస్ట్రీ, అంటే విండోస్ లోపలి సెట్టింగ్‌లు, మార్చి 11 ఎక్కించే దారి ఉంది, షాపుల్లో చేసిస్తారు కూడా. ఆఫీసు సిస్టమ్‌కు మేం వద్దంటాం. అలాంటి సిస్టమ్‌లకు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు 24 నెలలే సపోర్ట్. గడువు తీరినప్పుడల్లా కొత్త వెర్షన్‌ను మీరే చేత్తో ఎక్కించుకోవాలి.

బదులుగా ఈఎస్‌యూ ఉంది, అంటే పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు. విండోస్ 10 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. సెట్టింగ్స్‌ను విండోస్ బ్యాకప్‌తో సింక్ చేస్తే ఉచితం. లేదంటే వెయ్యి రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. గడువు 2026 అక్టోబర్ 13. కొత్త ల్యాప్‌టాప్‌కు డబ్బు కూడబెట్టుకోవడానికి ఈ వెసులుబాటు పనికొస్తుంది. బ్రౌజర్, మెయిల్, వీడియోలు తప్ప వేరే పని లేని ఇంటి సిస్టమ్ అయితే విండోస్‌కు బదులు వాడే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ చక్కగా నడుస్తుంది. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఉన్న ఆఫీసు మాత్రం అటు వెళ్లొద్దు.

[తెర మీద: విండోస్ 11లో పోర్టల్ లాగిన్. టోకెన్ పెట్టగానే సర్టిఫికెట్ పేరు కనబడుతోంది.]

వాయిస్: 11 ఎక్కాక మొదటి సాయంత్రమే టోకెన్ పెట్టి పోర్టల్‌లో సర్టిఫికెట్ కనబడుతుందా చూడండి. ప్రింటర్‌లో ఒక తెలుగు పేజీ, ఒక ఇన్‌వాయిస్ తీయండి. టాలీలో నిరుటి డేటా తెరిచి ఒక లెడ్జర్ చూడండి. ఆ తర్వాత వచ్చే 11, 20 తేదీలు రెండూ ఏ గొడవా లేకుండా దాటాకే విండోస్ డాట్ ఓల్డ్ తుడిచేయండి.