బ్రునెల్లో ఊరు మోంటల్చీనో: సియెనా నుంచి బస్సులో ఒక్క రోజు ట్రిప్

నమస్కారం అండీ. ఇవాళ మోంటల్చీనో. ఇటలీ, తస్కనీ, బ్రునెల్లో వైన్ ఊరు. మ్యాప్ చూడండి, ఇది సియెనా, ఇక్కణ్ణుంచి దక్షిణానికి నలభై కిలోమీటర్లు, ఇదిగో, కొండ మీద. 564 మీటర్ల ఎత్తు.

వైన్ కోసం వెళ్తున్నాం కాబట్టి బస్సే మేలు. కారైతే నడిపేవాళ్ళకి రుచి లేనట్టే. పైగా మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా కావాలి. ఇంకోటి, తస్కనీ పాత ఊళ్ళలోకి వెళ్ళే దారుల్లో 'వార్కో అత్తీవో' అని బోర్డు వెలుగుతుంటుంది. దారి తెరిచే ఉందనుకుని లోపలికి పోతారు. కాదండీ, అనుమతి లేని కార్లని పట్టే కెమెరా పనిచేస్తోందని దానర్థం. జరిమానా నెలల తర్వాత వస్తుంది. కారు ప్రాకారం బయటే ఆపండి. నీలం గీతలైతే డబ్బులు కట్టాలి, పసుపు గీతల జోలికి పోవద్దు.

సరే, బస్సు. సియెనాలో ఎక్కడం, టికెట్ కొనడం, అదంతా సులువే, స్క్రీన్ మీద చూపిస్తున్నా, చూసేయండి.

ఇప్పుడు టైమ్‌టేబుల్. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. ఈ పదం చూడండి, జూమ్ చేస్తున్నా, 'ఫెరియాలె'. ఫెస్టివల్ లాగా వినిపిస్తుంది, సెలవు రోజేమో అనిపిస్తుంది. పూర్తిగా ఉల్టా. ఫెరియాలె అంటే పనిదినం, సోమవారం నుంచి శనివారం దాకా. శనివారం కూడా, గుర్తుంచుకోండి. 'ఫెస్తీవో' అంటే ఆదివారాలు, పండగలు. ఆ రోజుల్లో బస్సులు బాగా తక్కువ. మూడోది, ఇదిగో, 'స్కొలాస్తికో'. స్కూళ్ళు నడిచే రోజుల్లోనే ఆ బస్సు వస్తుంది. జులైలో వెళ్ళి దానికోసం నిలబడితే రాదు. స్టాపులో ఎవరూ చెప్పరు కూడా. అందుకే ముందు తిరుగు బస్సు చూసుకోండి, చివరిది కాదు, దానికి ముందుది. అది ఖాయం చేసుకున్నాకే వెళ్ళే బస్సు చూడండి. నేనైతే ఈ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమంటా, కొండల్లో సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.

ఊళ్ళో దిగారు. నేరుగా కోటకి. 1361లో సియెనా వాళ్ళు కట్టించారు. సియెనా అప్పట్లో సొంత రిపబ్లిక్, 1555లో అది శత్రువులకి లొంగిపోయాక కూడా ఆ రిపబ్లిక్ వాళ్ళు 1559 దాకా ఇక్కడే నిలబడ్డారు. గోడ ఎక్కితే ఓర్చా లోయంతా కనిపిస్తుంది. కోటలోనే వైన్ షాపుంది, గ్లాసుల్లెక్కన పోస్తారు. ద్రాక్షతోటలకే వెళ్ళాలంటే ముందుగా మెయిల్ రాసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, అవి ఊరి బయట ఉంటాయి, బస్సులో వచ్చినవాళ్ళకి కోటే నయం.

రుచి చూసే వరుస: ముందు రొస్సో, అంటే తక్కువ కాలం మాగిన వైన్, తర్వాత బ్రునెల్లో, చివర రిజెర్వా, అంటే ఇంకా ఎక్కువ కాలం మాగిన బ్రునెల్లో. మూడూ సాంజొవేసే ద్రాక్షే. తేడా వయసులో ఉంది. బ్రునెల్లోకి కనీసం రెండేళ్ళు ఓక్ పీపాలో, అమ్మకానికి వచ్చేది కోత తర్వాత ఐదో ఏడు జనవరి 1న. 2019 పంట 2024లో వచ్చింది. రిజెర్వాకి ఇంకో ఏడాది.

గ్లాసుని ఇలా తెల్లకాగితం మీదకి వంచండి. అంచు చూశారా, ఇటుక రంగు. ఇప్పుడు ఒక గుక్క, నోట్లోనే అటూఇటూ తిప్పండి. చిగుళ్ళు పట్టేసినట్టుంటుంది, వక్క నమిలినట్టు. ఆ వగరే దీని బలం. పక్కన పెకొరీనో, అంటే గొర్రెపాల చీజ్, ముక్క నమిలి మళ్ళీ తాగండి, వగరు మెత్తబడుతుంది. శాకాహారులు జాగ్రత్త, ఈ చీజ్‌ని మామూలుగా రెన్నెట్‌తో, అంటే పశువుల పిల్లల కడుపులోంచి తీసే పదార్థంతో తోడుపెడతారు. భోజనానికి 'పీచి అల్యోనె' అడగండి, లావుపాటి పాస్తా, టమాటా, వెల్లుల్లి. మాంసం ఉండదు. పైన చీజ్ వద్దని చెప్పండి, చాలు. రుచి చూశాక గ్లాసులో మిగిలింది, దానికోసమే పెట్టిన బకెట్లో ఒంపేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక సీసాలు. హ్యాండ్ లగేజీలో ద్రవాలు చాలా ఎయిర్‌పోర్టుల్లో 100 మిల్లీలీటర్లు దాటకూడదు కాబట్టి చెకిన్ సూట్‌కేసులోనే, నడిమధ్యలో, చుట్టూ బట్టలు. ఒక్కోటి కేజీ పైనే, బరువు లెక్క వేసుకోండి. ఇండియాలో సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే. సీసా 750 మిల్లీలీటర్లు, రెండు తెస్తే లీటరున్నర. మూడోది పెట్టారంటే శంషాబాద్‌లో కస్టమ్స్ రెడ్ ఛానెల్‌లో నిలబడి డిక్లేర్ చేయాలి.