బ్రామ్లీ ఆపిల్ చెట్టు రివ్యూ: పెరట్లో పెట్టొచ్చా? మామిడికాయ పప్పుకి పనికొస్తుందా?

నమస్తే అండీ. ఇంగ్లాండ్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళందరూ నన్ను అడిగేది ఒకటే, వెనక చిన్న గార్డెన్ ఉంది, ఏ ఆపిల్ చెట్టు పెట్టమంటారు అని. గాలా, పింక్ లేడీ లాంటి తీపి ఆపిల్స్ షాపులో ఏడాది పొడుగునా దొరుకుతాయి, వాటికోసం పెరడు ఖర్చు పెట్టడం నాకైతే ఇష్టం లేదు. నా ఓటు ఇదిగో, నా వెనకాల కనిపిస్తున్న ఈ బ్రామ్లీకే. ఇది కొరుక్కుని తినే ఆపిల్ కాదు, వండుకునే ఆపిల్. పచ్చిగా కొరికితే పళ్ళు పులిసిపోతాయి. మనకి కావాల్సింది కూడా ఆ పులుపే.

కెమెరా దగ్గరికి తెస్తాను, కాయ చూడండి. పెద్దది, పచ్చది, అక్కడక్కడా కాస్త ఎర్రజీర, గుండ్రంగా కాకుండా ఓ పక్కకి ఒరిగినట్టు ఉంటుంది. అందానికి మార్కులు వేయను. కానీ దీని కథ బాగుంటుంది. నాటింగ్‌హామ్ దగ్గర సౌత్‌వెల్ అనే ఊళ్ళో 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి ఆపిల్ గింజలు నాటింది, అందులోంచి మొలిచిన చెట్టు ఇది. తర్వాత 1846లో ఆ ఇంటిని మాథ్యూ బ్రామ్లీ అనే మాంసం వ్యాపారి కొన్నాడు. 1856లో హెన్రీ మెర్రీవెదర్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు వచ్చి అంటు కట్టుకోవడానికి కొమ్మలు ఇమ్మంటే, ఇస్తాను గానీ కాయకి నా పేరే పెట్టాలి అన్నాడట ఆయన. అలా గింజ నాటిన పిల్ల పేరు పోయి, ఇల్లు కొన్నాయన పేరు మిగిలింది! ఆ మొదటి చెట్టు 1900లో గాలివానకి పడిపోయి, పడిన చోటే మళ్ళీ చిగురించింది.

ఇప్పుడు మీరు కొనే ప్రతి బ్రామ్లీ మొక్కా ఆ ఒక్క చెట్టు నుంచి వచ్చిన అంటు మొక్కే. గింజ వేస్తే బ్రామ్లీ రాదు, ఇంకేదో వస్తుంది. పైభాగం బ్రామ్లీ, కింద వేర్లు వేరే చెట్టువి, దాన్నే రూట్‌స్టాక్ అంటారు. నర్సరీలో మొక్కకి కట్టిన చీటీ మీద బ్రామ్లీ అన్న పేరు కంటే ముందు ఈ రూట్‌స్టాక్ ఏంటో చూడండి. చెట్టు ఎంత పెద్దదవుతుందో తేల్చేది అదే, పైగా బ్రామ్లీ మహా జోరుగా పెరిగే రకం. ఎం25 అని ఉంటే ముట్టుకోకండి, అది తోటల్లోకి, మన పెరట్లో పెడితే కొన్నేళ్ళకి పక్కింటివాళ్ళ కిటికీ మూసేస్తుంది. ఎంఎం106 కూడా పెద్ద పెరడు ఉన్నవాళ్ళకే. వరసగా గోడలు కలిసుండే మామూలు టెర్రస్ ఇళ్ళకీ, జంటగా ఉండే సెమీ ఇళ్ళకీ ఎం26 లేదా ఎం9 తీసుకోండి. ఎం9కి వేర్లు బలహీనం, చెట్టు ఉన్నన్నాళ్ళూ పక్కన గుంజ ఉండాల్సిందే. చీటీ లేకుండా "ఆపిల్ చెట్టు" అని అమ్మే చవక మొక్కల జోలికి అసలు వెళ్ళొద్దు.

రెండో పేచీ, ఇది ఒంటరిగా కాయదు. మామూలు ఆపిల్‌కి 34 క్రోమోజోములు, దీనికి 51, అందుకే దీని పుప్పొడి ఎవరికీ పనికిరాదు. ఇంకో ఆపిల్ రకం అదే సమయానికి దగ్గర్లో పూయాలి, తేనెటీగలు అక్కణ్ణుంచి పుప్పొడి తేవాలి. పక్కన జేమ్స్ గ్రీవ్ ఒకటి పెట్టారనుకోండి, అది బ్రామ్లీకి ఇస్తుంది గానీ దానికి బ్రామ్లీ ఏమీ ఇవ్వలేదు, కాబట్టి అది బాగా కాయాలంటే మూడోది కావాలి. అంత చోటు ఎక్కడుంది? జాన్ డౌనీ లాంటి క్రాబ్ ఆపిల్, అంటే చిన్న చిన్న పుల్లటి కాయలు కాసే ఆపిల్, ఒకటి పెట్టేస్తే దాని పని అదే చూసుకుంటుంది, బ్రామ్లీ పని కూడా చేసిపెడుతుంది. చుట్టుపక్కల గార్డెన్లలో ఆపిల్ చెట్లు ఉంటే ఇదంతా అక్కర్లేదు, ఏప్రిల్ చివర్లో కంచె మీంచి ఓసారి తొంగి చూడండి.

నాటడం సులువే. నవంబరు నుంచి మార్చి లోపు, ఆకు లేని సమయంలో, కుండీ లేకుండా ఉత్త వేర్లతో అమ్మే మొక్క తెచ్చుకోండి, చవక కూడా. అంటు దగ్గర ఉబ్బెత్తుగా ఉండేది మట్టికి పైనే ఉండాలి. అది పూడిపోతే బ్రామ్లీకే సొంతంగా వేర్లు వచ్చేసి చెట్టు ఆకాశానికి వెళ్తుంది, రూట్‌స్టాక్‌కి పెట్టిన డబ్బులు దండగ.

కత్తిరింపు దగ్గర మాత్రం జాగ్రత్త. ఈ చెట్టు చాలా కాయలు రెమ్మల చివర్లలో కాస్తుంది. మా వీధిలో ఒకాయన ప్రతి శీతాకాలం హెడ్జ్ కొట్టినట్టు అన్ని చివర్లూ సమంగా కొట్టేస్తాడు, ఇక కాయ ఎక్కణ్ణుంచి వస్తుంది పాపం, ఏటా ఆకులే. ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, లోపలికి పెరిగేవి తీసేసి ఆపండి. ఇంకో గుణం ఉంది దీనికి, ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు అలుగుతుంది. జూన్‌లో కొన్ని పిందెలు వాటంతట అవే రాలతాయి, ఆ తర్వాత జులైలో మీరు గుత్తికి ఒక్కటే ఉంచి, కాయకీ కాయకీ జానెడు దూరం ఉండేలా మిగతావి తుంచేయండి. చేతులు రావు, తెలుసు, అయినా తుంచండి. ఎండాకాలంలో నీళ్ళు ఓరోజు పోసి వారం మర్చిపోతే కాయ లోపల గోధుమరంగు చుక్కలు వస్తాయి, చేదుగా ఉంటాయి. తడి ఆరిపోకుండా చూడండి.

హైదరాబాద్, విజయవాడ నుంచి చూస్తున్నవాళ్ళకి సూటిగా చెప్తున్నా, ఇది మీకు కాదు. దీనికి పొడుగాటి చలికాలం కావాలి. మీరు ప్రయత్నించాలనుకుంటే హిమాచల్ రైతు హరిమన్ శర్మ గారి హెచ్ఆర్ఎంఎన్-99 ఉంది, తక్కువ చలికి కాసే రకం, కానీ అది తినే ఆపిల్.

ఇక వంటగది. పచ్చి మామిడికాయ ఇక్కడ దొరికినప్పుడు రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి, దొరికినా పులుపు ఉంటుందని గ్యారంటీ లేదు. బ్రామ్లీతో పప్పు అచ్చం మామిడికాయ పప్పే అనను, మామిడి వాసన రాదు, పులుపు మాత్రం భేషుగ్గా వస్తుంది. కుక్కర్‌లో పప్పుతోపాటు వేయకండి, వేడి తగిలితే క్షణాల్లో గుజ్జయిపోతుంది, ఇంగ్లీషువాళ్ళు దీన్ని ఇష్టపడేది కూడా అందుకే. ఉడికిన పప్పులో ముక్కలు వేసి రెండు పొంగులు రానిచ్చి పోపు పెట్టేయండి. తురిమి పులిహోర చేస్తే పదికి తొమ్మిది వేస్తాను. ఆవకాయకి మాత్రం రెండే, ముక్క మెత్తబడిపోతుంది, అప్పటికప్పుడు కలుపుకుని రెండు మూడు రోజుల్లో తినేట్టయితే సరే.

అక్టోబరులో కాయని అరచేతిలో పట్టి కాస్త ఎత్తి తిప్పండి, ఊడి వస్తే కోతకి వచ్చినట్టు. దెబ్బ తగలనివి ఏరి, ఒక్కోదాన్నీ పేపర్‌లో చుట్టి, చల్లటి షెడ్‌లో పెడితే మార్చి దాకా ఆగుతాయి, అంటే ఉగాది మార్చిలో వచ్చిన ఏడు పండక్కి అందుతాయి. నిలవ ఉన్నకొద్దీ పులుపు తగ్గుతుంది, అందుకని పచ్చడిలోకి ఆ రోజు చింతపండు కొంచెం ఎక్కువే నానబెట్టుకోండి.