హెచ్‌ఐఎఫ్-1 ఆల్ఫా బ్యాండ్ రావట్లేదా? యాంటీబాడీని పారేసే ముందు ఇది చూడండి

[తెర మీద: బ్లాట్, అంటే ప్రోటీన్లను సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తించిన పొర. 42 కిలోడాల్టన్ల దగ్గర ఆక్టిన్ బ్యాండ్లు చిక్కగా, పైన అంతా ఖాళీ.]

ఆక్టిన్ (లేన్లలో ప్రోటీన్ సమానంగా వేశామని చూపే లోడింగ్ కంట్రోల్) బ్రహ్మాండంగా వచ్చింది. హెచ్‌ఐఎఫ్-1 ఆల్ఫా (ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాల్లో నిలిచే ప్రోటీన్) ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఇలాంటి బ్లాట్ చూడగానే ల్యాబ్‌లో వినిపించే మాట ఒకటే: "యాంటీబాడీ పోయింది, కొత్తది తెప్పిద్దాం." విశాఖలో కూర్చుని ఆర్డర్ పెడితే ఐస్ పెట్టె చేతికొచ్చేదాకా పని ఆగిపోతుంది. చాలాసార్లు ఆ ఖర్చు దండగే, ఎందుకంటే ప్రోటీన్ మీ చేతుల్లోనే, లైసిస్ (కణాల్ని పగలగొట్టే మెట్టు) దగ్గరే కరిగిపోయింది.

[తెర మీద: ప్రోలిన్ 402, ప్రోలిన్ 564 గుర్తించిన ప్రోటీన్ బొమ్మ.]

ఆక్సిజన్ ఉన్నంతసేపూ పీహెచ్‌డీ (ప్రోలిల్ హైడ్రాక్సిలేజ్) ఎంజైములు ఈ రెండు ప్రోలిన్ అమైనో ఆమ్లాల మీద హైడ్రాక్సిల్ గుంపు తగిలిస్తాయి. వాటికి ఆక్సిజన్‌తో పాటు ఇనుము, 2-ఆక్సోగ్లుటరేట్ కావాలి. హైడ్రాక్సిల్ తగలగానే వీహెచ్ఎల్ అనే ప్రోటీన్ వచ్చి పట్టుకుంటుంది, యుబిక్విటిన్ అనే నాశనపు గుర్తు అంటుకుంటుంది, ప్రోటియాసోమ్ అనే కణ యంత్రం ముక్కలు చేసేస్తుంది. మామూలు గాలిలో దీని అర్ధాయువు 5 నిమిషాల లోపే. ఈ దారి కనిపెట్టినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు ల్యాబ్‌లో ఏం జరుగుతుందో చూడండి. 1 శాతం ఆక్సిజన్‌లో 6 గంటలు ఉంచిన ప్లేటును బయటికి తీశారు, పీబీఎస్‌తో (ఉప్పు బఫర్) నెమ్మదిగా రెండుసార్లు కడిగారు, కణాల్ని ప్లేటు నుంచి విడదీసే ట్రిప్సిన్ వేశారు, సెంట్రిఫ్యూజ్ తిప్పారు. మొత్తం పావుగంట. ఆ పావుగంటా కణాలు 21 శాతం ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉన్నాయి. ఇంకెక్కడి బ్యాండ్?

[తెర మీద: ఐస్ మీద ఆరు గుంటల ప్లేటు, పక్కన హీట్ బ్లాక్‌లో బఫర్ ట్యూబు.]

ట్రిప్సిన్ ఊసే వద్దు. ప్లేటు బయటికొచ్చిన నిమిషంలోపు మీడియం పీల్చేసి, ఐస్‌లో పెట్టిన పీబీఎస్ ఒక్కసారి పోసి తీసేసి, 95 డిగ్రీల దగ్గర వేడిగా ఉన్న 2 శాతం ఎస్‌డీఎస్ (డిటర్జెంట్) బఫర్ గుంటకి 100 మైక్రోలీటర్లు వేసి గీకేయండి. వేడి ఎస్‌డీఎస్ ఎంజైములన్నిటినీ అక్కడికక్కడే చంపేస్తుంది. డీఎన్ఏ వల్ల జిగురుగా సాగుతుంది, 26 గేజ్ సూదిలోంచి నాలుగైదుసార్లు లాగితే సరిపోతుంది. డీటీటీ (ప్రోటీన్ బంధాలు విడదీసే రసాయనం), నీలం రంగు ముందే కలపకండి. బీసీఏ పరీక్షతో ప్రోటీన్ కొలిచాకే కలపాలి, లేకపోతే ఆ లెక్క తప్పుతుంది. లేన్‌కి 40 మైక్రోగ్రాములు.

హైపాక్సియా (ఆక్సిజన్ కొరత) చాంబర్ లేనివాళ్లకి కోబాల్ట్ క్లోరైడ్ ఉంది, ఆక్సిజన్ ఉన్నా అది ప్రోటీన్ని నిలబెడుతుంది. హెక్సాహైడ్రేట్ 23.8 మిల్లీగ్రాములు 1 మిల్లీలీటరు నీళ్లలో కలిపితే 100 మిల్లీమోలార్. గుంటలోని 2 మిల్లీలీటర్ల మీడియంకి 3 మైక్రోలీటర్లు వేస్తే 150 మైక్రోమోలార్, 4 నుంచి 6 గంటలు. స్టాకును పీబీఎస్‌లో చేయకండి, కోబాల్ట్ ఫాస్ఫేట్ అయి అడుగున పేరుకుంటుంది. చాంబర్ ఉన్నవాళ్లూ ఈ లేన్ ఒకటి పెట్టుకోవాలనే నేనంటాను. కోబాల్ట్ లేన్‌లో బ్యాండ్ వచ్చి హైపాక్సియా లేన్‌లో రాలేదంటే, యాంటీబాడీ నిక్షేపంగా ఉంది. తప్పు చాంబర్‌లోనో, మీ లైసిస్ వేగంలోనో ఉంది.

ఎంజీ132 లేన్‌ని మాత్రం హైపాక్సియాకి రుజువుగా చూపించకండి. ప్రోటియాసోమ్‌ని ఆ మందు ఆపేస్తుంది కాబట్టి ఆక్సిజన్ ఎంత ఉన్నా ప్రోటీన్ నిలుస్తుంది.

[తెర మీద: రెండు లేన్లు, రెండింట్లోనూ బ్యాండ్.]

ఇది రెండో రకం తలనొప్పి: మామూలు గాలి లేన్‌లోనూ బ్యాండ్. కణాలు మరీ కిక్కిరిసిపోయి, పైన మీడియం ఎక్కువ పోస్తే ఆక్సిజన్ అడుగుకు చేరేలోపే ఖర్చయిపోతుంది. తెలియకుండానే అక్కడా హైపాక్సియా. 70 శాతం నిండిన ప్లేటు, గుంటకి 2 మిల్లీలీటర్లు దాటకండి. అయినా వస్తోందంటే అది వేరే ప్రోటీనేమో చూడాలి. ఈ ప్రోటీన్ తయారీని ఆపే ఎస్ఐఆర్ఎన్ఏ వేసిన లేన్‌లో తగ్గని బ్యాండ్ హెచ్‌ఐఎఫ్ కాదు.

సైజు దగ్గర కూడా పొరబడతారు. 826 అమైనో ఆమ్లాల ప్రోటీన్, లెక్క ప్రకారం 93 కిలోడాల్టన్లు. జెల్‌లో 110 నుంచి 120 మధ్య కనిపిస్తుంది. 93 దగ్గర గీత చూసి సంబరపడొద్దు. 7.5 శాతం జెల్, తడి ట్రాన్స్‌ఫర్, 4 డిగ్రీల దగ్గర 30 వోల్టుల్లో రాత్రంతా. వినకులిన్‌ని లోడింగ్ కంట్రోల్‌గా పెట్టకండి, 117 దగ్గర దీని మీదే కూర్చుంటుంది. జీఏపీడీహెచ్ ఇంకా ప్రమాదం, చాలా కణాల్లో హైపాక్సియా దాన్నే పెంచుతుంది.

ఇక యాంటీబాడీ సంగతి. 5 శాతం పాలపొడిలో గంట బ్లాకింగ్, ప్రైమరీ (మన ప్రోటీన్ని పట్టే యాంటీబాడీ) 1:500 నుంచి 1:1000, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. ప్రోటోకాల్‌లో "రూమ్ టెంపరేచర్" అంటే 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో ఏసీ ఆగిపోయిన విశాఖ గది ఆ లెక్కలోకి రాదు, ఆ వేడికి సెకండరీ (ప్రైమరీని పట్టే రెండో యాంటీబాడీ) వేస్తే బ్లాట్ అంతా నల్లబడొచ్చు. సముద్రపు తేమకి పాలపొడి గడ్డకడుతుంది. గడ్డలు కరగకపోతే బ్లాట్ మీద మచ్చలే, కాబట్టి మూత బిగించి సిలికా జెల్‌తో ఉంచండి, కలిపాక ఒకసారి వడకట్టండి.

గ్లిసరాల్ 50 శాతం ఉన్న యాంటీబాడీ మైనస్ 20లో గడ్డకట్టదు, అలాగే ఉంచొచ్చు. గ్లిసరాల్ లేకపోతే 10 మైక్రోలీటర్ల చొప్పున విడదీసి పెట్టాలి. మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే దాని పని అయిపోతుంది. కలిపిన ప్రైమరీని మళ్లీ వాడాలనుకుంటే 0.02 శాతం సోడియం అజైడ్ వేసి 4 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. సెకండరీలో మాత్రం అజైడ్ వేయొద్దు, హెచ్‌ఆర్‌పీ (సిగ్నల్ ఇచ్చే ఎంజైము) చచ్చిపోతుంది. ప్రైమరీ తీసేశాక టీబీఎస్‌టీతో (కడిగే బఫర్) పదేసి నిమిషాలు మూడుసార్లు కడగమనేది ఆ అజైడ్ పోవడానికి కూడా.