పెద్దకర్మ అయ్యాక ఆ ఇంటికి ఎవరు వెళ్తున్నారు?

నమస్తే అండి. క్వారీలో మనిషి పోతే ఆ ఇంటికి రావాల్సిన డబ్బు గురించి, తోడు గురించి ఈరోజు చెప్తాను, కొంచెం నిదానంగా వినండి. మీది గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కలైతే వింటుంటేనే మీకు ఎవరో ఒకరు గుర్తొస్తారు. మా వీధిలోనే ఒక అన్న ఉండేవాడు. క్వారీలో రాయి తొలిచే జాక్‌హ్యామర్ కొట్టేవాడు. ముప్పై అయిదేళ్లు. ఒకరోజు పొద్దున్నే పైనుంచి రాయి జారింది. అంతే.

మన గెలాక్సీ గ్రానైట్ గురించి గొప్పగా చెప్పుకుంటాం. నల్లరాయిలో నక్షత్రాలు మెరిసినట్టుంటుందని ఎక్కడెక్కడి దేశాలవాళ్లో కొనుక్కుపోతారు. ఆ రాయి కింద పోయినవాళ్ల ఇళ్లు మాత్రం ఇక్కడే ఉంటాయి.

ఆరోజు ఒంగోలు పెద్దాసుపత్రి మార్చురీ దగ్గర నేనూ ఉన్నాను. వదిన నేలమీద కూర్చుంది, ఒళ్లో చిన్నపిల్ల నిద్రపోతోంది. అవతల కారు దగ్గర సూపర్‌వైజర్, మేస్త్రీ, మా ఊరి పెద్దమనుషులు ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఎంత ఇస్తారు, ఎంతకు ఒప్పుకుంటారు అని. వదినను ఒక్కమాట అడిగినవాళ్లు లేరు. చీకటి పడ్డాక ఒక కాగితం తెచ్చారు. "సంతకం పెట్టమ్మా, పెడితే తీసుకెళ్లిపోవచ్చు" అన్నారు. అందులో ఏం రాసుందో ఆమె చదవలేదు. నేనూ చదవలేదు. పైగా "పెట్టు వదినా, పొద్దుపోతోంది" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందుకే ఈ వీడియో.

ఆ రాత్రి నాకు తెలియనిది, ఇప్పుడు తెలిసింది చెప్తాను. పనిలో మనిషి చనిపోతే నష్టపరిహారం యజమాని దయ కాదు, చట్టం. 1923 నాటి చట్టం అది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అనే కొత్త చట్టంలో కలిసింది. మనిషి పోయిన కేసులో యజమాని ఆ డబ్బును కార్మిక శాఖ కమిషనర్ దగ్గర జమ చేయాలి. మార్చురీ దగ్గర చేతికిచ్చినంత మాత్రాన పరిహారం కట్టేసినట్టు కాదు. కాబట్టి ఒకవేళ మీ ఇంట్లో ఎవరైనా అలా సంతకం పెట్టేసి ఉంటే అంతా అయిపోయిందని అనుకోకండి. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కేసు వేసుకోవచ్చు. ఆలస్యం మాత్రం చేయకండి.

లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే ఈ లెక్క తెలియకే మనవాళ్లు రెండు లక్షలకు, మూడు లక్షలకు తల ఊపేస్తున్నారు. నెల జీతంలో సగం తీసుకుని, వయసును బట్టి చట్టంలో ఉన్న ఒక అంకెతో హెచ్చవేస్తారు. 2020 జనవరి నుంచి ఈ లెక్కకు జీతాన్ని గరిష్ఠంగా 15,000 దాకా తీసుకుంటున్నారు. ముప్పై అయిదేళ్ల మనిషికి ఆ అంకె 197.06. అంటే 7,500ను 197.06తో హెచ్చవేస్తే 14,77,950 రూపాయలు. ఆ కారు దగ్గర మాట్లాడిన అంకెకూ దీనికీ పొంతనే లేదు.

ఇంకో మాట. "తాగి పనిలోకి వచ్చాడు, మా తప్పేం లేదు" అంటారు. మా అన్న మీదా అన్నారు. పోయినవాడు లేచి వచ్చి కాదని చెప్పలేడు కదా. చట్టంలో ఆ సాకు గాయాలకే పనికొస్తుంది, ప్రాణం పోయిన కేసులో చెల్లదు. "మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి" అన్నా కుదరదు. అసలు యజమాని మీదే క్లెయిమ్ వేయొచ్చు.

మరి చిక్కెక్కడుందంటే, ఆయన అక్కడ పనిచేశాడని చూపించడంలో. అన్నకు గుర్తింపు కార్డు లేదు, జీతం చీటీ లేదు, డబ్బు చేతికే ఇచ్చేవాళ్లు. వదిన తలపట్టుకుని కూర్చుంటే, వాళ్ల పెద్దబ్బాయి గోడమీద క్యాలెండర్ చూపించాడు. అన్న పనికి వెళ్లిన ప్రతిరోజూ ఆ తేదీ కింద బాల్‌పెన్నుతో చిన్న గీత గీసుకునేవాడు. నైట్ అయితే రెండు గీతలు. అడ్వాన్స్ తీసుకున్న రోజు ఎంతో కూడా రాసుకున్నాడు. పదకొండు నెలల గీతలు. ఆ క్యాలెండర్‌ను ఎవరూ పారేయకుండా ఉండటమే మా అదృష్టం. అందుకే చెప్తున్నా, ఆ ఇంట్లో ఏ కాగితమూ తీసేయనివ్వకండి. ఫోన్ ఎవరికీ ఇవ్వకండి, మేస్త్రీతో మాట్లాడిన కాల్స్, వాయిస్ మెసేజ్‌లు అందులోనే ఉంటాయి. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు అడిగి తెచ్చుకోండి. బ్యాంకు పాస్‌బుక్ చూడండి. మే నెలాఖర్లో 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. చాలామందికి ఆ 20 రూపాయలు ఎందుకు పోయాయో కూడా తెలియదు. పీఎఫ్ కట్ అవుతుంటే అందులోనూ బీమా ఉంటుంది.

ఒడిశా నుంచి వచ్చినవాళ్ల సంగతి ఇంకా ఘోరం. 2025 ఆగస్టు 3న అద్దంకి దగ్గర బల్లికురవ క్వారీలో రాళ్లు పడి ఆరుగురు ఒడిశా కూలీలు చనిపోయారు. అలాంటి ఇంట్లోవాళ్లకు మన భాష రాదు, మన ఆఫీసులు తెలియవు. వాళ్ల సొంతూర్లోనే కేసు వేసుకునే వీలుంది. ఆ ఒక్క ముక్క వాళ్లకు చేరవేసినా పెద్ద సాయం. పక్క గదిలో ఉండేవాళ్ల నంబర్ తీసుకుని చెప్పించండి.

ఇప్పుడు మన గురించి. మనిషి పోయినరోజు ఊరంతా వస్తుంది. పదకొండో రోజుదాకా ఎవరో ఒకరు ఉంటారు. పెద్దకర్మ భోజనాలయ్యాక చెప్పులేసుకుని వెళ్లిపోతాం. ఆ తర్వాత ఆ ఇంటి ముందు నుంచి వెళ్తూ మనం అడిగేది ఒకటే, "ఎంతిచ్చారంట?" ఆ మాట దయచేసి మానేయండి. ఆమెకు అది మొగుడికి వెలకట్టినట్టు వినిపిస్తుంది. వదినే నాతో అంది, "డబ్బు గురించి అడిగేవాళ్లే గానీ, పిల్లలు తిన్నారా అని ఒక్కరూ అడగలేదు రా" అని.

అత్తింటివాళ్లు ఒకవైపు, పుట్టింటివాళ్లు ఒకవైపు లాగడం కూడా అప్పుడే మొదలవుతుంది. కమిషనర్ దగ్గర జమ అయితే భార్యకెంత, పిల్లలకెంత, తల్లికెంత అని ఆయనే పంచుతారు. పిల్లల వాటాను వాళ్ల పేరున బ్యాంకులో వేయిస్తారు. ఆడమనిషికి అది ఎంత ధైర్యమో ఆలోచించండి.

ఆ కుటుంబానికి కావలసింది తోడు వచ్చే మనిషి. ఒంగోలు వెళ్లి ఆఫీసులో కూర్చుంటే ఒకరోజు కూలి పోతుంది, చిన్నపిల్లను ఎవరో చూసుకోవాలి, వాళ్లు ఇంగ్లీషులో ఉన్న కాగితం ఇస్తే చదివిపెట్టాలి. ఇవి చందాలతో అయ్యే పనులు కావు. మా వీధిలో ఇప్పుడు నలుగురం వంతులేసుకున్నాం. ఒకరు పిల్లలను బడి నుంచి తెస్తారు, ఒకరు వదినతో వెళ్తారు. కేసు వేశాం. ఇంకా తేలలేదు.

పాత క్యాలెండర్ ఫొటోలు తీసి, అసలుది కేసు ఫైల్లో పెట్టాం. ఆ మేకుకే ఇప్పుడు కొత్త క్యాలెండర్ ఉంది. వాయిదా తేదీల కింద వదిన గీతలు గీసుకుంటోంది. వచ్చే మంగళవారం కింద ఒకటుంది. ఆరోజు వంతు నాది.