తెగిన టికెట్లు ఏ సినిమాలవి?

వ్యాఖ్యాత: అమెరికా లెక్కల్లో ఏళ్లుగా ఒకటే తీరు. విడుదలయ్యేవాటిలో డ్రామాలే ఎక్కువ, టికెట్లు తెగేది మాత్రం యాక్షన్, సాహస చిత్రాలకు. కారణం?

పంపిణీదారు: డ్రామాకు నలుగురు నటులు, ఒక ఇల్లు చాలు. అందుకే కుప్పలుగా వస్తాయి, వాటిలో చాలావాటికి పది థియేటర్లు దొరకడమే గగనం. భారీ సాహస చిత్రం వేల తెరల మీద ఒకేసారి దిగుతుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడమే అన్యాయం.

విశ్లేషకురాలు: తూచాల్సిందే, కానీ డబ్బుతో కాదు. అక్కడ సగటు టికెట్ 1995లో 4.35 డాలర్లు, 2019లో 9.16. పది కోట్ల డాలర్ల వసూళ్లంటే అప్పట్లో సుమారు 2 కోట్ల 30 లక్షల టికెట్లు. 2019లో అదే మొత్తానికి కోటీ తొమ్మిది లక్షలే! వసూళ్ల రికార్డు బద్దలైందని పండగ చేసుకునేవాళ్లు ఈ భాగహారం చేయరు.

వ్యాఖ్యాత: ఒక్కో రకం సినిమాకు సగటున ఎన్ని టికెట్లు తెగాయో తీస్తే సరిపోతుందిగా?

పంపిణీదారు: సగటును నమ్మి నేను హారర్ కొన్నాను, మునిగాను. 1999లో ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ చాలా తక్కువ ఖర్చుతో తయారై ఉత్తర అమెరికాలోనే 14 కోట్ల డాలర్లు తెచ్చింది. అలాంటిది ఒక్కటి చాలు, ఆ రకం సినిమాల మొత్తం సగటు పైకి లేస్తుంది. మిగతావన్నీ ఆ నీడలో దాక్కుంటాయి.

విశ్లేషకురాలు: అందుకే వరుసలో సరిగ్గా మధ్యన నిలిచిన సినిమాను చూడమంటాను. ఇంకో చిక్కుంది. ‘టైటానిక్’ ప్రేమకథా, విపత్తు చిత్రమా? ఏ గడిలో వేస్తే ఆ రకం లెక్క ఆకాశానికి లేస్తుంది. పైగా విడుదల 1997 డిసెంబరులో, టికెట్లలో ఎక్కువ భాగం తెగింది 1998లో. విడుదలల పట్టికలో ఒక ఏడాది, అమ్మకాల పట్టికలో మరో ఏడాది!

వ్యాఖ్యాత: 1950ల్లో వెల్లువెత్తిన వెస్టర్న్‌లు, అంటే కౌబాయ్ సినిమాలు, ఇప్పుడు దాదాపు కనబడవు. ఆ ప్రేక్షకులేమయ్యారు?

విశ్లేషకురాలు: వాళ్ల హీరోలు గుర్రాలు దిగి అంతరిక్ష నౌకలెక్కారు. పేరు మారింది, తుపాకీ పోలేదు. మొదట ఆ కథలను టీవీ లాక్కుంది, అది వేరే సంగతి.

పంపిణీదారు: ఇప్పుడు రొమాంటిక్ కామెడీలకు పట్టింది అదే గతి, ఓటీటీకి వెళ్లిపోయాయి. జనం చూడటం మానలేదు, టికెట్ కొనడం మానేశారు.

విశ్లేషకురాలు: అక్కడ ఒక ఇంట్లో నలుగురు కలిసి చూసినా లెక్కలో పడేది ఒకటే. దాన్ని నాలుగు టికెట్లుగా రాయమంటే నేను రాయను.

పంపిణీదారు: సున్నా అని మాత్రం ఎలా రాస్తారు?